పోలీసు వైర్‌లెస్ వ్యవస్థ

పోలీసు వైర్‌లెస్ వ్యవస్థ అనగా కంట్రోల్ రూము, పోలీసు స్టేషన్లు, గస్తీ వాహనములు, కాలినడకన విధులు నిర్వహించు సిబ్బంది రేడియో తరంగముల ద్వారా ఒకరితో నొకరు మాట్లాడుకొనుటకు ఏర్పరచిన వ్యవస్థ. ఆపదలో ఉన్నవారు 100, 112 వంటి సంఖ్యలకు చేయు ఫోను పిలుపును అందుకొని, ఆ సమాచారమును సమీపములోని సిబ్బందికి చేరవేసి, వారిని ఘటనాస్థలమునకు పంపుట దీని ముఖ్య ప్రయోజనము. తెలుగులో నిస్తంత్రి అను మాట ఉన్నను శాఖలో వాడుక పదము 'సెట్'. 'సెట్‌లో చెప్పిండ్రు', 'సెట్ పట్టుకో' అనుట తెలంగాణ పోలీసు స్టేషన్లలో నిత్యము వినబడును. ఉన్నతాధికారి తన పరిధిలోని స్టేషను అధికారులందరితో ఒకేసారి వైర్‌లెస్‌లో జరుపు సమీక్షకు 'సెట్ కాన్ఫరెన్స్' అని పేరు.

కొత్తగా పోలీసు ఉద్యోగములో చేరినవారు ఈ వ్యవస్థను గురించి నేర్చుకొను ప్రాథమిక విషయములు ఈ వ్యాసములో వివరించబడినవి. గుట్టలు, యాత్రికుల రద్దీ, జాతీయ రహదారి, ఒకే ఊరికి పలు పేర్లు ఇవన్నియు ఒకచోట ఉన్నందున యాదగిరిగుట్ట పరిసరములు ఉదాహరణగా తీసుకొనబడినవి.

చరిత్ర

పోలీసులు రేడియోను క్రమముగా వాడుట అమెరికాలోని డెట్రాయిట్ నగరములో 1928లో మొదలైనది. అది ఒకవైపు మాత్రమే పనిచేయునది. కేంద్రము చెప్పినది కారులోని పోలీసులు వినగలరు, తిరిగి చెప్పలేరు. సందేశము అందినదో లేదో తెలియుటకు వారు కారు ఆపి దగ్గరలోని ఫోను వద్దకు పోవలసి వచ్చెడిది. అమెరికాలోనే న్యూజెర్సీ రాష్ట్రములోని బేయోన్ పట్టణములో 1933లో ఇరువైపులా మాట్లాడుకొను సెట్లు వాడుకలోనికి వచ్చిన తరువాతనే ఈ ఇబ్బంది తొలగినది. విన్నవారు విన్నట్లు చెప్పవలెనను నియమము నేటికిని వైర్‌లెస్ శిక్షణలో తొలి పాఠములలో ఒకటి.

ప్రజలు పోలీసులను పిలుచుటకు ప్రత్యేక సంఖ్య ఉండవలెనను ఆలోచన ఒక విషాదము నుండి పుట్టినది. 1935 నవంబరులో లండనులోని వింపోల్ వీధిలో జరిగిన అగ్నిప్రమాదములో ఐదుగురు స్త్రీలు మరణించిరి. అగ్నిమాపక దళమునకు ఫోను చేయబోయిన పొరుగువాని పిలుపు టెలిఫోను ఎక్స్ఛేంజిలో మామూలు పిలుపుల వరుసలో నిలిచిపోయినది. దాని ఫలితముగా 1937లో అక్కడ 999 సంఖ్య ప్రవేశపెట్టబడినది. అమెరికాలో 911 సంఖ్యకు తొలి పిలుపు 1968లో జరిగినది.

భారతదేశములో పోలీసు వైర్‌లెస్ వ్యవహారములను సమన్వయపరచు కేంద్ర సంస్థ 1946లో ఏర్పడినది. అది నేడు కేంద్ర హోం మంత్రిత్వ శాఖ క్రింద పోలీసు వైర్‌లెస్ సమన్వయ డైరెక్టరేట్ అను పేరుతో పనిచేయుచున్నది. రాష్ట్రములలో పోలీసు శాఖలకు సొంత కమ్యూనికేషన్స్ విభాగములు కలవు. వీటికి సబ్ ఇన్‌స్పెక్టర్లను, కానిస్టేబుళ్ళను ప్రత్యేకముగా ఎంపిక చేయుదురు.

ఫోను పిలుపును అందుకొని వాహనమును పంపు పద్ధతిలో తెలుగు ప్రాంతము దేశమునకు మార్గదర్శి అయినదనుట అతిశయోక్తి కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 సేవ అందుకు కారణము. పిలుపు అందుకొనువారు వేరు, వాహనమును పంపువారు వేరు, వాహనములో చికిత్స చేయువారు వేరు. ప్రతి దశకు సమయము నమోదగును. ఈ పనివిభజన తరువాత అనేక రాష్ట్రములకు వ్యాపించినది. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన అత్యాచార ఘటన తరువాత దేశమంతటికి ఒకే అత్యవసర సంఖ్య కావలెనను కోరిక బలపడినది. 112 సంఖ్యతో కూడిన అత్యవసర స్పందన వ్యవస్థ 2018 నవంబరులో మొదట హిమాచల్ ప్రదేశ్‌లో ప్రారంభమై, 2019 ఫిబ్రవరి 19న తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లతో సహా మరికొన్ని రాష్ట్రములకు విస్తరించినది. 2022 ఆగస్టులో హైదరాబాదు బంజారాహిల్స్‌లో తెలంగాణ పోలీసుల సమీకృత కమాండ్ కంట్రోల్ కేంద్రము ప్రారంభించబడినది.

పనిచేయు విధానము

పోలీసుల చేతిసెట్లు సాధారణముగా వి.హెచ్.ఎఫ్. అనబడు పట్టీలో పనిచేయును. ఈ పట్టీలో 150 మెగాహెర్ట్జుల పౌనఃపున్యమునకు తరంగదైర్ఘ్యము 2 మీటర్లు. అందులో నాలుగవ వంతు, అనగా సుమారు అర మీటరు పొడవు గల కడ్డీ మంచి ఏంటెనా అగును. పోలీసు వాహనము పైకప్పు మీద కనిపించు సన్నని కడ్డీ ఆ కొలతలోనే ఉండుటకు కారణమిదే. చేతిసెట్టుకు ఉండు పొట్టి రబ్బరు ఏంటెనా లోపల తీగ చుట్టలు చుట్టి ఉండును. అది మోయుటకు అనుకూలము గాని శక్తిలో కడ్డీకి సాటి రాదు. చేతిసెట్టు సుమారు 5 వాట్ల శక్తితోను, వాహనములోని సెట్టు సుమారు 25 వాట్ల శక్తితోను ప్రసారము చేయును.

ఈ తరంగములు దాదాపు చూపు వలెనే తిన్నగా పోవును. కావున శక్తి కంటె ఎత్తు ముఖ్యము. ఏంటెనా ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలమును 4.12తో గుణించిన రేడియో దిఙ్మండలము ఎన్ని కిలోమీటర్లలో ఉన్నదో తెలియును. నేలపై నిలుచున్న మనిషి చేతిలోని సెట్టు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్నదనుకొనిన దాని దిఙ్మండలము 5 కి.మీ. అట్టి రెండు సెట్ల మధ్య, నేల పూర్తిగా చదునుగా ఉన్నను, 10 కి.మీ. మించి మాట అందదు. చెట్లు, ఇళ్ళు ఉన్నచోట అందులో కొద్ది భాగమే దక్కును. యాదగిరిగుట్ట నుండి భువనగిరికి దూరము అంతకంటె ఎక్కువ. అనగా గుట్ట క్రింద నిలుచున్న కానిస్టేబులు తన చేతిసెట్టుతో నేరుగా భువనగిరితో మాట్లాడుట సాధ్యము కాదు.

ఇందుకు విరుగుడు రిపీటరు. ఇది ఎత్తైన ప్రదేశమున ఉండి, ఒక పౌనఃపున్యములో విన్నదానిని అదే క్షణమున వేరొక పౌనఃపున్యములో బిగ్గరగా తిరిగి పలుకు యంత్రము. 100 మీటర్ల ఎత్తు గల గుట్టపై రిపీటరు ఉన్నచో దాని దిఙ్మండలము 41 కి.మీ.; చేతిసెట్టు యొక్క 5 కి.మీ. కలిపిన 46 కి.మీ. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంతములలో విడివిడిగా నిలిచిన రాతిగుట్టలు అనేకము. పూర్వము రాజులు భువనగిరి, రాచకొండ, దేవరకొండలలో కోటలు కట్టినది చూపు దూరము సాగుటకే. ఈ విషయములో రేడియో ఇంజనీరు అవసరము కోటగోడలు కట్టినవాని అవసరమునకు భిన్నము కాదు.

అయితే అదే రాయి అడ్డము కూడ అగును. రిపీటరు ఉన్న దిక్కునకు గుట్ట అడ్డముగా ఉన్న పల్లములో రేడియో నీడ ఏర్పడును. రాతి ముఖములను తాకి వచ్చిన తరంగము, నేరుగా వచ్చిన తరంగము కలిసిన చోట ఒకదానినొకటి బలహీనపరచవచ్చును. అప్పుడు మాట తెగిపోవును. తరంగదైర్ఘ్యము 2 మీటర్లే గనుక రెండడుగులు ప్రక్కకు జరిగిన మాట మరల అందుట పరిపాటి. సెట్ పనిచేయలేదని దానిని కొట్టి చూచుట కంటె రెండడుగులు నడిచి, ఏంటెనాను నిటారుగా పట్టి, మరల పిలుచుట మేలు.

నల్లమల వంటి అడవులలో పరిస్థితి వేరు. హైదరాబాదు నుండి శ్రీశైలము పోవు మార్గములో అమ్రాబాద్ అడవి గుండా సాగు భాగమున సెల్‌ఫోను సంకేతము అందని చోట్లు కలవు. అచ్చట వాహనములోని సెట్టే ఆధారము.

ఒకరు మాట్లాడగా అందరు వినుట

ఫోనుకు, సెట్‌కు గల భేదము కొత్తవారు మొదట గ్రహింపవలసినది. ఫోనులో ఇద్దరు ఒకేసారి మాట్లాడవచ్చును, మూడవవాడు వినడు. సెట్‌లో ఒక సమయమున ఒక్కరే మాట్లాడవలెను, ఆ ఛానెలులోని వారందరు విందురు. మీట నొక్కినప్పుడు సెట్టు పలుకును కాని వినదు. వదిలినప్పుడు వినును కాని పలుకదు. ఒకరు అనవసరముగా అర నిమిషము మాట్లాడినచో ఆ అర నిమిషము మిగిలిన వారందరికి తలుపు మూసినట్లే.

ఇద్దరు ఒకేసారి మీట నొక్కినచో ఏమగును? పోలీసు సెట్లలో అనలాగు రకమునకు చెందినవి ఎఫ్.ఎం. పద్ధతిలో పనిచేయును. ఎఫ్.ఎం. గ్రాహకము రెండు సంకేతములలో బలమైనదానిని పట్టుకొని బలహీనమైనదానిని వదలివేయును. బలము రెండింటికి సమానమైన కీచుమని శబ్దము వచ్చును. బలహీనముగా ఉన్నవానికి తన మాట ఎవరికిని చేరలేదని తెలియనే తెలియదు. కంట్రోల్ రూము పక్కన నిలుచుండి పిచ్చాపాటి మాట్లాడు వాహనము ఎక్కడో పల్లములో ఆపదలో ఉన్న హోంగార్డు గొంతును నొక్కివేయగలదు. కావున మాట్లాడుటకు ముందు ఒక క్షణము వినుట నియమము. అత్యవసర సందేశము నడుచునప్పుడు ఇతరులు మౌనము వహింపవలెనని కంట్రోల్ ఆదేశించును. సీటు సందున ఇరుకుకొని మీట నొక్కుకొనిపోయిన ఒక్క మైకు ఛానెలు మొత్తమును స్తంభింపజేయును గనుక మైకును కొక్కెమునకు తగిలించుట కూడ శిక్షణలో భాగమే.

మీట నొక్కిన వెంటనే పలుకరాదు. రిపీటరు మేల్కొనుటకు కొంత వ్యవధి పట్టును. ఆ వ్యవధిలో పలికిన తొలి అక్షరములు పోవును. అట్లే చివరి మాట పూర్తి కాకముందే మీట వదలిన తుది అక్షరములు పోవును. తెలుగువారికి ఈ రెండవది మరింత ప్రమాదకరమని ఈ వ్యాసరచయిత అభిప్రాయము. ఇంగ్లీషులో 'కాదు' అను అర్థము వాక్యము నడుమ వచ్చును. తెలుగులో అది క్రియ చివర ఉండును. 'పంపండి', 'పంపకండి', 'రావాలె', 'రావద్దు', 'ఉన్నడు', 'లేడు'. తుది అక్షరములు తెగినచో 'రావద్దు' అన్నది 'రావ...' అని మాత్రమే వినబడును. అందుచేత కాదనవలసినప్పుడు ముందుగా 'నెగటివ్' అని, పిదప విషయము చెప్పుట మంచి అలవాటు.

సెట్ మనిషి గొంతులో సుమారు 300 నుండి 3000 హెర్ట్జుల వరకు గల భాగమునే పంపును. ఎఫ్, ఎస్ అను ఇంగ్లీషు అక్షరముల మధ్య భేదము అంతకు పైనున్న ధ్వనులలో ఉండును గనుక అవి సెట్‌లో ఒకే విధముగా వినబడును. బి, డి, ఇ, జి, పి, టి కూడ అంతే. వాహనముల సంఖ్యలు చెప్పునప్పుడు ఇది చిక్కు తెచ్చును. ఇందుకే అక్షరమునకొక పదము ఏర్పరచిన అంతర్జాతీయ వర్ణమాల వాడబడుచున్నది: బి అనగా బ్రావో, డి అనగా డెల్టా, జి అనగా గోల్ఫ్, టి అనగా టాంగో. 2024 మార్చి నుండి తెలంగాణలో కొత్త వాహనములకు టి.జి. అక్షరములు వచ్చినవి, పాత వాహనములకు టి.ఎస్., అంతకు పాతవానికి ఏ.పి. కొనసాగుచున్నవి. కావున వాహనసంఖ్యను మొదటి రెండు అక్షరములతో సహా పూర్తిగా చెప్పక తప్పదు. అంకెలను విడివిడిగా పలుకవలెను. ఇంగ్లీషులో ఫైవ్, నైన్ ఒకటిగా వినబడును గనుక అంతర్జాతీయ పద్ధతిలో తొమ్మిదిని 'నైనర్' అందురు.

అమెరికా పోలీసులు 1930ల చివరి నుండి సందేశములకు బదులు అంకెల సంకేతములు వాడుచు వచ్చిరి. ఒక్కొక్క ఊరిలో ఒకే అంకెకు ఒక్కొక్క అర్థము ఏర్పడుటచే, పలు శాఖలు కలిసి పనిచేయవలసిన విపత్తులలో సాధారణ భాషయే మేలని అక్కడివారే తరువాత తేల్చిరి.

'ఎక్కడ' అను ప్రశ్న

అత్యవసర పిలుపును అందుకొనువారు మొదట అడుగవలసినది ఏమి జరిగినదని కాదు, ఎక్కడ జరిగినదని. ఫోను ఏ క్షణమున తెగిపోవునో తెలియదు. స్థలము తెలిసి విషయము తెలియకున్నను ఎవరినో ఒకరిని పంపవచ్చును. విషయమంతయు తెలిసి స్థలము తెలియకున్న ఎవరిని ఎచ్చటికి పంపవలెను?

యాదగిరిగుట్టయే ఇందుకు మంచి ఉదాహరణ. స్థానికులకు 'గుట్ట' అనిన ఈ ఊరే. హైదరాబాదులోని కేంద్రమున కూర్చున్నవానికి తెలంగాణలో గుట్టలు వేలకొలది. ఆలయమును, ఊరిని కొన్నేళ్ళు ప్రభుత్వము యాదాద్రి అని వ్యవహరించినది. 2024 నవంబరులో యాదగిరిగుట్ట అను పేరునే వాడవలెనని నిర్ణయించినది. రాయగిరి రైల్వే స్టేషనుకు యాదాద్రి అను పేరు పెట్టబడినది. అది ఉన్నది మాత్రము రాయగిరిలో. ఊరికి కొంత దూరమున పాతగుట్ట కలదు. యాత్రికుడు 'పాత గుడి దగ్గర' అనిన అది పాతగుట్టయో, కొండపైని ఆలయమో తెలియదు. ఇవి చాలవన్నట్లు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా సరిహద్దున కర్ణాటకలో యాదగిరి అను జిల్లాకేంద్రము ఉన్నది. నారాయణపేట వైపు నుండి 'యాదగిరి రోడ్డు' అని పిలుపు వచ్చినచో అది ఈ యాదగిరి కాదు. భువనగిరి అను ఊరు తమిళనాడులోను కలదు.

పిలుపు అందుకొనువారు ఇట్టి సందర్భములలో గుర్తులు అడుగుదురు. జాతీయ రహదారి 163పై అయినచో హైదరాబాదు వైపు పోవుచున్నారా, వరంగల్ వైపా, ఏ ఊరు దాటినారు, గూడూరు టోల్ ప్లాజా ముందరనా తరువాతనా, దగ్గరి కిలోమీటరు రాయిపై ఏమి వ్రాసి ఉన్నది, అని. గ్రామములలో కరెంటు స్తంభముపైని సంఖ్య, దుకాణపు బోర్డు, బడి, నీళ్ళ ట్యాంకు పనికివచ్చును. ఆ ఊరివానినెవరినైనా ఫోనులో మాట్లాడించుమనుట అన్నిటికంటె సులువైన ఉపాయము.

సెల్‌ఫోను ఎక్కడ ఉన్నదో యంత్రమే చెప్పును గదా అను సందేహము రావచ్చును. పిలుపు ఏ టవరు ద్వారా వచ్చినదో టెలిఫోను సంస్థ తెలుపగలదు. నగరములో టవర్లు దగ్గర దగ్గరగా ఉండును గనుక అది కొంత ఉపయోగము. పల్లెలో ఒక్క టవరు పరిధి కొన్ని కిలోమీటర్లు. ఫోనులోని జి.పి.ఎస్. సమాచారము అందిన స్థలము చాల దగ్గరగా తెలియును, కాని అది ప్రతి ఫోను నుండి, ప్రతిసారి అందదు. రాష్ట్ర సరిహద్దున పొరుగు రాష్ట్రపు టవరు పట్టుకొనిన పిలుపు ఆ రాష్ట్ర కేంద్రమునకే పోవచ్చును. అట్టి పిలుపును 'మాది కాదు' అని వదలరాదు; వివరములు వ్రాసుకొని అవతలి వారికి అందజేయవలెను.

మాటలాడలేని స్థితిలో ఉన్నవారి కొరకు ఫోనులలో ఆపద మీట ఏర్పాటు చేయవలెనని కేంద్ర ప్రభుత్వము 2016లో నియమము చేసినది. స్మార్టుఫోనులో పవర్ మీటను మూడుసార్లు వెంటవెంటనే నొక్కుట, సాధారణ ఫోనులో 5 లేక 9 అంకెను నొక్కి పట్టుట దీని పద్ధతి. అవతల మాట వినబడని పిలుపును ఆకతాయి పిలుపుగా భావించి పెట్టివేయుట ఎంతమాత్రము తగదు.

పరిధి సమస్య

స్థలము తెలిసిన తరువాత వచ్చు చిక్కు అది ఏ స్టేషను పరిధి అనునది. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ సమీపమున తొండుపల్లి టోల్ ప్లాజా వద్ద ఒక యువ పశువైద్యురాలు అపహరణకు గురియై హత్యకు గురైనది. మరునాటి ఉదయము ఆమె దేహము పాతిక కిలోమీటర్లకు పైగా దూరమున, 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగమైన షాద్‌నగర్ వద్ద, చటాన్‌పల్లి వంతెన క్రింద కనుగొనబడినది. ఆమెను దిశ అను పేరుతో వ్యవహరింతురు. ఆ రాత్రి ఫిర్యాదు చేయవచ్చిన కుటుంబసభ్యులకు స్టేషను పరిధి పేరిట కాలయాపన ఎదురైనది. కేసు నమోదులో జాప్యము చేసినందుకు ఒక సబ్ ఇన్‌స్పెక్టరును, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్ళను సైబరాబాదు పోలీసు కమిషనరు సస్పెండు చేసిరి.

పరిధితో నిమిత్తము లేకుండ ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయుటను జీరో ఎఫ్.ఐ.ఆర్. అందురు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షనులో నేరము ఏ ప్రాంతమున జరిగినను సమాచారము స్వీకరింపవలెనని స్పష్టముగా చేర్చబడినది. అయితే చట్టము చెప్పునది నమోదును గూర్చి. వాహనమును పంపుటలో నియమము ఇంతకంటె సులభము: దగ్గరగా ఉన్న వాహనము పోవలెను, పరిధి లెక్క తరువాత చూచుకొనవలెను. గస్తీ వాహనముల స్థానము తెరపై కనబడు కేంద్రములలో ఈ నిర్ణయము తేలిక. లేనిచోట కంట్రోల్ సెట్‌లో 'దగ్గర ఎవరున్నరు?' అని అడుగును. అప్పుడు నిజము చెప్పుట విన్నవాని మనస్సాక్షికి సంబంధించిన విషయము. యాదగిరిగుట్ట ప్రాంతము నల్లగొండ జిల్లా పోలీసు పరిధిలో ఉండి, 2016లో రాచకొండ కమిషనరేట్ ఏర్పడినప్పుడు దానిలో చేరినది. ఇట్లు హద్దులు మారునప్పుడెల్ల సరిహద్దు గ్రామములు ఎవరి పరిధిలో ఉన్నవో కంట్రోల్ రూములోని పటములలో వెంటనే సవరింపవలెను.

సందేశము చెప్పు తీరు

పిలుచునప్పుడు ముందుగా ఎవరిని పిలుచుచున్నామో వారి పేరు, తరువాత తమ పేరు చెప్పవలెను. తన పేరు విన్నవాడు చెవియొగ్గును, అప్పుడు ఎవరు పిలిచినదియు తెలియును. ఈ క్రింది సంభాషణ ఊహించి వ్రాసినది.

"కంట్రోల్, కంట్రోల్, గుట్ట మొబైల్. ఓవర్."

"గుట్ట మొబైల్, కంట్రోల్. చెప్పండి. ఓవర్."

"సార్, రాయగిరి దాటినంక, వరంగల్ పోయే సైడు, పెట్రోల్ బంకు ఎదురుంగ. కారు, ఆటో గుద్దుకున్నయి. ఇద్దరికి దెబ్బలు, ఒకరికి సోయి లేదు. అంబులెన్సు కావాలె. రోడ్డు సగం బందైంది. ఓవర్."

"రాయగిరి దాటినంక, వరంగల్ సైడు, పెట్రోల్ బంకు ఎదురుంగ. ఇద్దరికి దెబ్బలు, ఒకరికి సోయి లేదు. అంబులెన్సు పంపుతున్నం. కరెక్టేనా? ఓవర్."

"కరెక్ట్ సార్. ఓవర్."

ఇందులో మొదట స్థలము, తరువాత విషయము, గాయపడినవారు, కావలసిన సహాయము వరుసగా వచ్చినవి. కంట్రోల్ వానిని తిరిగి చదివినది. 'సార్, గుట్ట కాడ పెద్ద యాక్సిడెంట్ అయింది సార్, జల్ది రావాలె సార్' అనిన మాటలో ఆత్రుత ఉన్నది, పనికివచ్చు సమాచారము లేదు. 'ఓవర్' అనగా చెప్పుట ముగిసినది, జవాబు కావలెను అని అర్థము. 'అవుట్' అనగా సంభాషణ ముగిసినది. సినిమాలలో వినబడు 'ఓవర్ అండ్ అవుట్' ఒకదానితో ఒకటి పొసగని రెండు మాటల కలయిక. 'రోజర్' అనగా విన్నాను అని మాత్రమే, చేయుదునని కాదు. చేయుదునని చెప్పుటకు 'విల్కో' అను మాట కలదు.

సంఘటనాస్థలమునకు చేరినప్పుడు, పని ముగిసినప్పుడు మరల చెప్పవలెను. పిలుపు వచ్చిన సమయము, వాహనము బయలుదేరిన సమయము, చేరిన సమయము వేరువేరుగా నమోదగును. ఆలస్యమైనచో అది ఎచ్చట జరిగినదో వీనివలననే తెలియును.

సెట్‌లో చెప్పునది అందరు విందురు గనుక కొన్ని విషయములు చెప్పరాదు. లైంగిక నేరములలో బాధితురాలి పేరు అందులో ప్రధానము. ఆ పేరును బయటపెట్టుట భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను ప్రకారము నేరము. అనుమతి లేకుండ వైర్‌లెస్ పరికరము కలిగి ఉండుటను 1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము నిషేధించినది. ఆ పాత చట్టముల స్థానమున 2023లో టెలికమ్యూనికేషన్స్ చట్టము చేయబడినది. అయినను అనలాగు ఛానెలును బయటివాడు వినుట సాంకేతికముగా కష్టము కాదు. డిజిటల్ సెట్లలో మాటను గుప్తపరచు సౌకర్యము కలదు.

ఉత్సవముల సమయమున

యాదగిరిగుట్ట శ్రీ లక్ష్మీనరసింహస్వామి వారి బ్రహ్మోత్సవములు ఫాల్గుణ మాసమున 11 దినములు జరుగును. కార్తీకమాసమున సత్యనారాయణ వ్రతములకు, స్వాతి నక్షత్రమున గిరిప్రదక్షిణకు కూడ జనము వత్తురు. 2022 మార్చి 28న పునర్నిర్మిత ఆలయము తెరచిన తరువాత రద్దీ పెరిగినది. వేలమంది ఒకేచోట ఫోనులు వాడునప్పుడు సెల్ టవరుపై భారము పెరిగి పిలుపులు కలియవు. సెట్ అప్పుడు తప్పనిసరి అగును.

బందోబస్తుకు ఇతర ప్రాంతముల నుండి వచ్చిన సిబ్బందికి వైకుంఠద్వారము, గండిచెరువు, లక్ష్మీ పుష్కరిణి, ఘాట్ రోడ్డు ఎచ్చటనున్నవో తెలియదు. స్థానికుడు సెట్‌లో ఆ పేర్లు పలికిన వారికి అర్థము కాదు. కావున ప్రదేశమును సెక్టార్లుగా విభజించి సంఖ్యలు ఇచ్చి, పటముతో కూడిన బందోబస్తు స్కీమును ముందురోజే పంచుట మంచిది. రద్దీ నియంత్రణకు ఒక ఛానెలు, వాహనముల నిలుపుదలకు ఒక ఛానెలు వేరుపరచుదురు. మెట్ల మార్గమున జనము ఆగిపోయిరన్న మాట పార్కింగు సంభాషణలో మునిగిపోరాదు. తొక్కిసలాట జరుగబోవునని మొదట గ్రహించునది ఆ గుంపు ప్రక్కన నిలుచున్న హోంగార్డే. పైనున్న అధికారి కాదు. క్రింది నుండి జనమును ఆపుమని చెప్పు అధికారము అతనికి ముందుగానే ఇచ్చి ఉంచవలెను.

డోలు, మైకుల హోరులో సెట్ వినబడదు. చెవిలో పెట్టుకొను ఇయర్‌ఫోను వాడవలెను. మైకును నోటికి నాలుగు వ్రేళ్ళ దూరమున పట్టి మామూలు గొంతుతో పలుకవలెను. అరచిన మాట చెదరి మరింత అస్పష్టమగును. బ్యాటరీ ఎన్ని గంటలు వచ్చునని తయారీదారు చెప్పు లెక్క సాధారణముగా నూటికి 5 పాళ్ళు పలుకుట, 5 పాళ్ళు వినుట, 90 పాళ్ళు ఊరకుండుట అను అంచనాపై ఆధారపడును. ఉత్సవమున సెట్ ఎడతెగక మ్రోగును గనుక అంత కాలము రాదు. రెండవ బ్యాటరీ లేకుండ కల్యాణము రాత్రి విధికి పోరాదు.

తప్పిపోయిన పిల్లల విషయములో వయస్సు, దుస్తుల రంగు, చివర చూచిన చోటు చెప్పిన చాలును. దొరికిన బిడ్డ పేరును మాత్రము బహిరంగ మైకులో ప్రకటింపకుండుట మేలు. బిడ్డ తమదేనని వచ్చినవారిని ఆ పేరు అడిగి నిర్ధారించుకొనవచ్చును.

అన్ని సంబంధములు తెగినప్పుడు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నమును తాకినప్పుడు కరెంటు, సెల్‌ఫోనులు స్తంభించినవి. రిపీటరుకు కూడ విద్యుత్తు కావలెను. అందుచేత రిపీటరు వద్ద బ్యాటరీలు, జనరేటరు ఉంచుదురు. రిపీటరు పోయినచో సెట్లను నేరుగా ఒకదానితో నొకటి మాట్లాడు ఛానెలుకు మార్చుకొని, నడుమ ఎత్తైనచోట ఒక మనిషిని నిలిపి అతనిచే మాట అందింపజేయవచ్చును. కొత్తవారికి ఏ ఛానెలునకు మారవలెనో ముందుగా నేర్పి ఉంచుట అవసరము.

దూరప్రాంతములకు హెచ్.ఎఫ్. తరంగములు వాడుదురు. ఇవి పై వాతావరణమున అయనోస్ఫియరును తాకి తిరిగి భూమికి వచ్చును గనుక వందల కిలోమీటర్లు పోగలవు. 2004 డిసెంబరు 26 సునామీ వచ్చినప్పుడు హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతి ప్రసాద్ బృందము అమెచ్యూర్ రేడియో ప్రసారముల నిమిత్తము అండమానులోని పోర్ట్ బ్లెయిరులో ఉన్నది. ఫోనులు తెగిపోయిన ఆ ద్వీపముల నుండి బాధితుల సమాచారమును ప్రధాన భూభాగమునకు అందించినది వారి హెచ్.ఎఫ్. సెట్లే.